గొంతు నొప్పి: నేరం ఎవరిది?

గొంతు నొప్పి అనగానే మన ఇళ్లల్లో నింద పెరుగు మీదా, ఐసు మీదా పడుతుంది. నిజానికి ఎక్కువసార్లు దానికి కారణం వైరస్. జలుబు, దగ్గు, బొంగురుతో కలిసి వచ్చే ఈ నొప్పి వారం రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. యాంటీబయాటిక్ బిళ్లలు వైరస్‌ను ఏమీ చేయలేవు.

ఏ క్రిమీ లేకుండా కూడా గొంతు మండుతుంది. మిరప కల్లాల్లో ఘాటుకూ, నూర్పిళ్లలో దుమ్ముకూ మావాళ్లకు పట్టుకునేది ఇదే. చుట్టపొగ, కడుపులోంచి పైకి తన్నే ఆమ్లం కూడా ఈ పనే చేస్తాయి.

అసలు జాగ్రత్త పడవలసింది స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా విషయంలో. ఇది ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు సోకుతుంది. హఠాత్తుగా జ్వరం, మింగితే నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడలో బిళ్లలు కనిపిస్తాయి; దగ్గు సాధారణంగా ఉండదు. అశ్రద్ధ చేస్తే, రెండు మూడు వారాల తర్వాత కొందరికి రుమాటిక్ జ్వరం వస్తుంది. అప్పుడు క్రిమితో పోరాడవలసిన శరీర రక్షణశక్తే గుండె కవాటాలను దెబ్బతీస్తుంది.

దీనికి డాక్టర్లు ఇచ్చే పెన్సిలిన్ బిళ్లలు సాధారణంగా 10 రోజులు వాడాలి. మూడో రోజుకే నొప్పి పోతుంది, మిగిలిన బిళ్లలు అటకెక్కుతాయి! సగం చేనుకే మందు కొట్టి పురుగు పోయిందనుకోవడం లాంటిదే ఇది.

మిత్రులారా! సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ తమ్ముడో, చెల్లెలో జ్వరంతో గొంతు నొప్పి అంటే, పెరుగును తిట్టకండి. డాక్టరుకు చూపించండి.