బాపు గొంతు సన్నబడిందేంది?

పండక్కి అందరూ వచ్చారు. హాల్లో పెద్ద టీవీ, దాని కిందే కంప్యూటరు, మూలమూలకో స్పీకరు... చెన్నూరులో ఓ ఇల్లు ఇలా ఉందనుకోండి. ఎప్పుడో మల్లన్న పట్నాలప్పుడు బాపు చెప్పిన ఒగ్గు కథ క్యాసెట్ బీరువాలో దొరికింది. కొడుకు రెండు రోజులు కూర్చుని దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఊరి ఫొటోలు జోడించి వీడియో చేశాడు. అందర్నీ కూర్చోబెట్టి నొక్కాడు.

డోలు పరుగెత్తింది. తాళాలు దాన్ని తరిమాయి. బాపు గొంతు సన్నబడి, బస్సుకు టైమైపోతున్నట్టు తొందర తొందరగా కథ చెప్పేస్తోంది. 'గిది మీ బాపు గొంతు గాదు బిడ్డా' అంది తల్లి.

టేపు పాడవలేదు. స్పీకర్లూ భేషుగ్గా ఉన్నాయి. 44,100 అని ఉండాల్సిన చోట 48,000 అని పడింది. తప్పంతా అక్కడే!

గోదారి కొలత లాగే

ఈ అంకెలేంటో తెలియాలంటే చెన్నూరు వాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. వరదొచ్చినప్పుడు గోదావరి మట్టాన్ని గంటగంటకూ చూసి రాసుకుంటారు కదా. ఆ అంకెల్ని వరుసగా కలిపితే నది ఎలా పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో గీత గీయొచ్చు. శబ్దాన్నీ కంప్యూటరు అలాగే రాసుకుంటుంది. కాకపోతే గంటకోసారి కాదు... సెకనుకు 44,100 సార్లు! ఈ కొలతల వేగమే శాంపిల్ రేటు.

ఇప్పుడు, గంటకోసారి రాసిన ఆ పుస్తకాన్ని 'ఇవి 55 నిమిషాలకోసారి రాసినవి' అనుకుని ఎవరైనా చదివితే? వరద నిజంగా వచ్చిన దానికన్నా వేగంగా వచ్చినట్టు కనిపిస్తుంది. బాపు గొంతుకు జరిగిందీ అదే. 44,100 చొప్పున రాసుకున్న శబ్దాన్ని 48,000 చొప్పున వినిపిస్తే వేగం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. గంట కథ 55 నిమిషాల చిల్లరలో అయిపోతుంది. శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం పైకి జరుగుతుంది. హార్మోనియం మెట్ల మీద వేలు పెట్టిన వాళ్లకు అదెంత తేడానో చెప్పక్కర్లేదు.

రెండు అంకెలెందుకు?

హాయిగా ఒకే అంకె పెట్టుకోవచ్చుగా అంటే... దాని వెనక ఓ తమాషా కథ ఉంది. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్‌కి మించి వినపడదు. పెద్దవాళ్లకు అదీ వినపడదనుకోండి. ఎంతవరకూ వినాలో దానికి రెండింతలకు పైగా కొలతలు తీస్తే చాలన్నది సూత్రం. అంటే 40,000 పైచిలుకు. మరి కచ్చితంగా 44,100 ఎక్కణ్నుంచి వచ్చింది? 1970ల చివర్లో డిజిటల్ శబ్దాన్ని దాచేందుకు అనువుగా ఉన్నవి వీడియో టేపులే. టీవీ బొమ్మలో ఒక్కో గీతకు మూడేసి కొలతలు ఇరికించారు. అమెరికా, జపాన్ పద్ధతిలో 245 గీతలు, సెకనుకు 60 సార్లు. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 సార్లు. ఎలా గుణించినా వచ్చేది 44,100! సోనీ, ఫిలిప్స్ సంస్థల సీడీ 1982లో మార్కెట్లోకి వస్తూ ఆ అంకెనే వెంట తెచ్చుకుంది. పాటల ఎంపీ3లూ ఎక్కువగా దాన్నే పట్టుకున్నాయి.

సినిమా లెక్క వేరు. సెకనుకు 24 ఫ్రేములు. 48,000ని 24తో భాగిస్తే ఫ్రేముకు సరిగ్గా 2,000 కొలతలు. 44,100ని భాగిస్తే అర కొలత మిగిలిపోతుంది. డీవీడీ సినిమాల్లో, డాల్బీ డిజిటల్‌లో 48,000 ఉండేది అందుకే.

మామూలుగా ఈ తగాదాను కంప్యూటరే తీరుస్తుంది. ప్రతి 147 కొలతలకు 160 కొత్త కొలతలు లెక్కగట్టి 44,100ని 48,000గా మారుస్తుంది. శ్రుతీ మారదు, వేగమూ మారదు. 2000ల నాటి చాలా కంప్యూటర్లలోని ఏసీ97 రకం సౌండ్ చిప్‌ల అసలు వేగం 48,000. సీడీ పాట వాటిలో చాలావరకూ ఇలా మారే బయటికొచ్చేది. కొన్నిట్లో ఆ మార్పు నాసిగా జరిగేది. 'సీడీ ప్లేయర్లో ఉన్నంత బాగా కంప్యూటర్లో లేదేంటి' అని అప్పట్లో సణిగిన వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు.

ఎంత పెట్టుకోవాలి?

విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో 'సౌండ్' తెరిచి, మీ స్పీకరు ప్రాపర్టీస్‌లో 'అడ్వాన్స్‌డ్'కి వెళ్తే 'డిఫాల్ట్ ఫార్మాట్' ఉంటుంది. ఇంట్లో సినిమాలే ఎక్కువైతే 48,000. పాటలే ప్రాణమైతే 44,100. రెండూ అయితే 48,000 పెట్టి మర్చిపోవచ్చు, ఇప్పటి కంప్యూటర్లు మార్పు బాగానే చేస్తాయి. అదీ ఒప్పుకోని చెవులకు 'కోడి' ప్లేయర్ ఉంది. (కూత పెట్టే కోడి కాదు లెండి!) దాని ఆడియో సెట్టింగుల్లో 'బెస్ట్ మ్యాచ్' ఎంచుకుంటే ఫైలు ఏ వేగంలో ఉంటే, పరికరం ఒప్పుకున్నంతవరకూ అదే వేగంలో పంపుతుంది. జాబితాలో 1,92,000 కూడా కనిపిస్తుంది. పెద్ద అంకె పెడితే పాట పెద్దదైపోదు. సీడీలో లేనిది స్పీకర్లోకి రాదు.

క్యాసెట్‌కైతే అసలే అక్కర్లేదు. 44,100లో ఎక్కిస్తే నిమిషానికి పదిన్నర మెగాబైట్లు. 24 బిట్లలో 96,000 అయితే ముప్పైనాలుగు దాటుతుంది. సెకనుకు ఐదు సెంటీమీటర్లు కూడా కదలని ఆ టేపులో అంత సరుకు ఉండదు. వీడియోకి వాడాలనుకుంటే మాత్రం మొదట్నుంచీ 48,000లోనే రికార్డు చేయడం మేలు.

మరి ఇప్పటికే తప్పు పడిన బాపు గొంతు? పోలేదు. కొలతలన్నీ భద్రంగానే ఉన్నాయి, పైన చీటీయే తప్పు. ఉచితంగా దొరికే 'ఆడాసిటీ'లో ఆ ఫైలు తెరిచి, ట్రాకు పేరు నొక్కితే వచ్చే పట్టీలో 'రేట్' దగ్గర 44,100 ఎంచుకోవాలి. 'రీశాంపుల్' అని ఇంకోటి ఉంటుంది. పొరపాటున ముందుగా దాన్ని నొక్కితే తప్పు తప్పుగానే ఉండిపోతుంది, అదే సన్న గొంతును శ్రద్ధగా మార్చి పెడుతుంది. రేటు సరిచేశాక వీడియో కోసం 48,000గా ఎగుమతి చేసుకోవచ్చు.

అప్పటికీ గొంతు మందంగా, సాగదీసినట్టు ఉంటే ఈసారి టేప్‌రికార్డర్‌ని అనుమానించాలి. ఏళ్ల తరబడి మూలన పడున్న దాంట్లో బెల్టు సాగి ఉండొచ్చు. అది మార్చి, మళ్లీ ఎక్కించాల్సిందే. అందుకే ఫైలు తయారైంది కదా అని క్యాసెట్‌ను పారేయకండి. మళ్లీ నొక్కినప్పుడు డోలు తన నడకలోకి వచ్చిందో లేదో యంత్రం చెప్పలేదు. అమ్మనే అడగాలి.