ఆఖరి కబురు చాలు!

వీధి కుళాయి ఒక్కటే, బిందెలు మాత్రం యాభై. మన బిందె వంతు వచ్చేసరికి పొయ్యిమీద ఎసరు కాస్తా మాడుతుంది. కంప్యూటర్ సంగీతంలోనూ ఇదే తంటా వస్తుందని మా అమ్మాయి పక్కన కూర్చున్నాకే నాకు తెలిసింది.

తను వాడేది మ్యాక్స్. ఇందులో పేజీలకొద్దీ టైపు చెయ్యనక్కర్లేదు. తెరమీద చిన్న పెట్టెలు పెట్టి, గీతలతో కలిపితే చాలు, వాటి మధ్య కబుర్లు నడుస్తాయి. 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ సంగీత పరిశోధన కేంద్రంలో మిల్లర్ పకెట్ దీన్ని రూపొందించారు. కంప్యూటర్ సంగీతానికి ఆద్యుడైన మ్యాక్స్ మాథ్యూస్ పేరే దీనికి పెట్టారు.

మర్నాడు కాలేజీ వార్షికోత్సవం. అమ్మాయి తెరమీది మీట జరిపి ఆపేసినా, సింథసైజర్లో ధ్వని ఇంకా మారుతూనే ఉంది! ధ్వని నున్నగా మారాలని ఆరు గుణాలకు మిల్లీసెకనుకో కబురు చొప్పున పంపుతోంది. అంటే సెకనుకు ఆరు వేలు. 1983లో వచ్చిన మిడి పద్ధతి కేబుల్లో సెకనుకు పోయేది 31,250 బిట్లే. అంటే సుమారు వెయ్యి కబుర్లు. మిగతావన్నీ బిందెల్లా వరసలో నిలబడ్డాయి.

దీనికి మందు 'స్పీడ్‌లిమ్' అనే పెట్టె. పక్కన 20 అని రాస్తే, మొదటి కబురును వెంటనే పంపి, 20 మిల్లీసెకన్లు తలుపు మూసేస్తుంది. ఆలోగా ఎన్ని వచ్చినా ఆఖరిదాన్నే అట్టేపెట్టుకుని, గడువు కాగానే పంపుతుంది. మధ్యవి పోతాయి. ఆరు గుణాలకూ ఒక్కొక్కటి పెడితే సెకనుకు మూడు వందలే. ధ్వని చేతివెంట నడిచింది!

ఆ సంతోషంలో స్వరాల దారిలోనూ ఒకటి పెట్టేసింది. మూడు స్వరాలు కలిపి వాయించి వదిలితే, ఒకటి ఆగకుండా మోగుతూనే ఉంది. 'ఆపు' అన్న కబురు మధ్యలో పడి పోయిందన్నమాట! వెంటనే ఆ పెట్టె తీసేసింది.

మీటకు ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే చాలు, దారిలోవి పోయినా నష్టం లేదు. స్వరం అలా కాదు. మొదలుపెట్టమన్న కబురూ ముఖ్యమే, ఆపమన్న కబురూ ముఖ్యమే.

మీ పిల్లలు ఉచితంగా దొరికే ప్యూర్ డేటా నేర్చుకుంటుంటే, అందులోనూ సైక్లోన్ లైబ్రరీ వేసుకుంటే ఈ పెట్టె ఉంటుంది. పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోమనండి: 'ఇందులో ఏది పోయినా ఫరవాలేదు?'