రాగి తీగ మీద 256 దారులు

హైదరాబాద్‌లో మారేడ్‌పల్లి, పద్మారావు నగర్, తార్నాక వైపు పాత ఇళ్లలో 27తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ కొన్నేళ్లుగా దేశమంతటా రాగి లైన్లను ఫైబర్‌కు మారుస్తోంది. మారడం మంచిదే. అయితే సెలవు తీసుకుంటున్న ఆ తీగ ఎంత పని చేసిందో, దానితో పాటు ఏం పోతుందో తెలిసి మారాలి.

ఆ తీగ వేసింది మాట కోసం. మన గొంతు అవతలివాళ్లకు అర్థం కావడానికి 4 కిలోహెర్ట్జ్ లోపు పౌనఃపున్యాలు చాలు. రెండు తీగలను మెలివేస్తే బయటి రొద రెండింటిలోనూ సమానంగా చేరి రద్దవుతుంది. ఈ ఉపాయానికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత నూరేళ్ల పాటు, 4 కిలోహెర్ట్జ్‌కు పైనున్న చోటు ఇళ్ల ఫోన్లలో దాదాపు ఖాళీగానే పడి ఉంది.

1980ల చివర్లో అమెరికాలోని బెల్‌కోర్ అనే పరిశోధన సంస్థలో ఇంజినీరు జోసెఫ్ లెక్‌లైడర్ దృష్టి ఆ ఖాళీ మీద పడింది. ఒకే కేబుల్లో వందల తీగల జంటలు ఒరుసుకుంటూ ఉంటాయి. రెండు వైపులా ఒకే వేగంతో పంపితే ఒక జంటలోని సంకేతం పక్క జంటలోకి చొరబడుతుంది. ఇంటికి వచ్చే దారిని వెడల్పు చేసి, వెళ్లే దారిని ఇరుకు చేస్తే ఆ బెడద బాగా తగ్గుతుందని ఆయన చూపించాడు. అప్పటికి వాళ్ల ఆలోచన ఇంటర్నెట్ కాదు, ఫోను తీగలో సినిమాలు పంపడం!

ఆ ఊహకు మోడెమ్ రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ సియోఫీ. 1.1 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చోటును 256 సన్నని దారులుగా, ఒక్కొక్కటి 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున విడగొట్టారు. మొదటి కొన్ని మాటకు వదిలి, ఆ తర్వాతి సుమారు పాతిక పంపడానికి, మిగతావన్నీ అందుకోవడానికి కేటాయించారు. ఈ పద్ధతి పేరే డీఎస్‌ఎల్. మోడెమ్ ఆన్ చేయగానే డీఎస్‌ఎల్ లైటు మినుకుమినుకుమంటుందే, ఆ కాసేపూ అది ఒక్కో దారినీ పరీక్షిస్తుంటుంది. ప్రశాంతంగా ఉన్న దారిలో ఎక్కువ బిట్లు ఎక్కిస్తుంది, రొద ఉన్నచోట తగ్గిస్తుంది, మరీ పాడైతే మూసేస్తుంది. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ సరిగ్గా 171వ దారిలో పడుతుంది. వీధిలో వేలాడే తీగ యాంటెన్నాలా ఆ రేడియోను అందుకున్నా, మోడెమ్ రొద చేరిన దారులను తప్పించి పని సాగించగలదు.

మన దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్ ఈ పద్ధతిలో ఇంటర్నెట్ సేవను డేటావన్ పేరుతో 2005 జనవరిలో మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాది వచ్చిన ప్రభుత్వ విధానం ప్రకారం 256 కిలోబిట్లు ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండే. 2023లో ఆ హద్దు 2 మెగాబిట్లకు పెరిగింది. అయితే రాగికి దూరం పడదు. ఎక్స్ఛేంజ్ నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటితే పైదారులన్నీ నీరసించిపోతాయి. వానాకాలంలో జాయింట్లలోకి నీరు దిగి, తీగకు కిలుం పట్టి, ఫోనులో గరగర మొదలయ్యేది. మెకానిక్ వీధిలోని పిల్లర్ పెట్టె తెరిచి, మంచి తీగల జంట వెతికి మార్చేదాకా నెట్ అతుకుతూ తెగుతూ ఉండేది. ఫైబర్ అనే గాజు దారానికి కిలుం బాధ లేదు, రేడియో రొద అంటదు, సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు మోసి పలు ఇళ్లకు పంచుతుంది.

కానీ గాజులో కరెంటు పారదు. రాగి తీగలో ఎక్స్ఛేంజ్ నుంచి 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది. అక్కడ బ్యాటరీలు, జనరేటర్ ఉండేవి. అందుకే ఇంట్లో కరెంటు పోయి మోడెమ్ ఆరిపోయినా మామూలు ఫోను మోగేది. ఫైబర్ ఫోను, ఇంటి కరెంటుతో నడిచే, గోడకు బిగించే ఓఎన్‌టీ అనే పెట్టె మీద ఆధారపడుతుంది. ఇంట్లో కరెంటు లేకపోతే డయల్ టోన్ కూడా ఉండదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఇది చిన్న మార్పేమీ కాదు, లైన్ మార్చేవాళ్లు చెప్పి తీరాల్సిన విషయం.

కాబట్టి రాగి లైన్ తీయించే ముందే ఓఎన్‌టీకి సరిపోయే చిన్న యూపీఎస్ అమర్చుకోండి. పాత నంబరే కొనసాగాలని దరఖాస్తులో రాయించండి. అద్దె మోడెమ్ ఉంటే అప్పగించి రసీదు తీసుకోండి. కొత్త లైన్ వచ్చాక మెయిన్ స్విచ్ ఆపి, ఒకసారి ఫోన్ చేసి చూడండి.