పొగమంచు కమ్మిన పట్టణము
(భయానక వీడియో గేములు – ఆటగాండ్ర స్పందన)

భయము ఎవరికీ ఇష్టము కాదు. అయినను భయము గొలుపు కథను సగములో విడిచిపెట్టుటకు ఎవరికీ మనసొప్పదు. వేసవి రాత్రులలో వాకిట మంచాలు వేసుకొని, పెద్దలచేత దయ్యముల కథలు చెప్పించుకొని, ఆ పిమ్మట నీళ్ళు త్రాగుటకైనను ఒంటరిగా ఇంటిలోనికి పోజాలని బాల్యము మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో చాలమందికి తెలిసినదే. ఆ వాకిటి కథను నేటి యువకులు కంప్యూటరు తెరపై వెదకుకొనుచున్నారు. ఈ వినోదమును గురించి పెద్దలకు ఆందోళన ఉన్నది. పిల్లలకు ఆకర్షణ ఉన్నది. ఈ రెండింటి నడుమ కావలసినది అవగాహన. ఆ అవగాహనకు కొంత తోడ్పడుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆట స్వరూపము

వీడియో గేములలో ‘సర్వైవల్ హారర్’ అను ఒక శాఖ కలదు. భయానక పరిస్థితులలో చిక్కుకొన్న పాత్రను ప్రాణములతో బయటపడవేయుట ఇందులోని లక్ష్యము. 1996లో జపాను దేశపు క్యాప్‌కామ్ సంస్థ వెలువరించిన ‘రెసిడెంట్ ఈవిల్’తో ఈ పేరు లోకములో స్థిరపడినది. ఇందులో శత్రువులను చంపుటకన్న తాను మిగులుట ముఖ్యము. తూటాలు కొద్ది, మందులు కొద్ది, వెలుతురు కొద్ది.

ఈ శాఖలో చిన్న పట్టణమును కథాస్థలముగా చేసికొని చిరకీర్తి పొందిన ఆట ‘సైలెంట్ హిల్’. దీనిని 1999లో కొనామీ సంస్థ ప్లేస్టేషన్ యంత్రము కొరకు విడుదల చేసినది. కథానాయకుడు హ్యారీ మేసన్ వీరుడు కాడు, సైనికుడు కాడు; సామాన్యుడైన ఒక రచయిత. సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న విహారపట్టణములో తప్పిపోయిన తన కుమార్తెను వెదకుచు తిరుగును. వీధులున్నవి, అంగళ్ళున్నవి, బడి ఉన్నది, ఆసుపత్రి ఉన్నది. జనము మాత్రము లేరు. అంతటను పొగమంచు.

ఆ పొగమంచు వెనుక ఒక సాంకేతిక కారణము ఉన్నది. ఆనాటి యంత్రమునకు పట్టణమంతటిని దూరము వరకు ఒకేసారి చిత్రించు శక్తి లేదు. కావున దూరమున ఉన్నదానిని మంచుతోను, చీకటితోను కప్పివేసినారు. యంత్రము లోపమే ఆటకు ప్రాణమైనది. కంటికి నాలుగడుగుల మేర మాత్రమే కనబడును. ఆ పైన ఉన్నదంతయు ఆటగాడు తన మనస్సులో కల్పించుకొనవలసినదే. దీనికి తోడు నాయకుని జేబులో ఒక చిన్న రేడియో ఉన్నది. ఏదైన భూతము దాపునకు వచ్చిన అది గరగర శబ్దము చేయును. అపాయము ఉన్నదని చెవి చెప్పును, ఎక్కడ ఉన్నదో కన్ను చెప్పదు. ఆటగాండ్ర గుండెలు వేగముగా కొట్టుకొనునది ఆ క్షణమందే.

భరతముని చెప్పిన విభావములు

ఇది పాశ్చాత్యులో జపానీయులో క్రొత్తగా కనుగొన్న రహస్యము కాదు. నాట్యశాస్త్రమందు భరతముని భయానక రసమును వివరించుచు, భయమునకు కారణములైన విభావములలో వికృత ధ్వనులను, నక్కల గుడ్లగూబల అరుపులను, అరణ్యములను, శూన్యగృహములను పేర్కొన్నాడు. శూన్యగృహమనగా పాడుబడిన ఇల్లు, మనిషి అలికిడి లేని ఇల్లు. రేడియో గరగర వికృత ధ్వనియే. సైలెంట్ హిల్ పట్టణమంతయు శూన్యగృహమే.

భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావములను చూచినను ఆటగాండ్ర తీరు అందులో కనబడును. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అనునవి ఆ ఎనిమిది. తలుపు ముందు నిలిచి మీట నొక్కజాలక ఆగిపోవుట స్తంభము. అరచేతులు చెమర్చుట స్వేదము. అకస్మాత్తుగా గొంతు మారి కేక వేయుట స్వరభేదము. చేతిలోని కంట్రోలరు వణకుట వేపథువు.

మేము నలుగురము ఒక మిత్రుని ఇంట ఈ ఆటను చూచినప్పుడు ఒక్కొక్కరి స్పందన ఒక్కొక్క విధముగా ఉన్నది. ఒకరు పట్టణపు పటమును మాటిమాటికి తెరచి, లెక్క చూచుకొని గాని అడుగు వేయరైరి. మరొకరు ధ్వనిని తగ్గించమని బ్రతిమాలినారు. బొమ్మకన్న చప్పుడే వారికి భయము. మూడవవారు ప్రతి భూతమునకు ఒక వేళాకోళపు పేరు పెట్టి నవ్వించినారు; ఆ నవ్వు భయమునకు తొడిగిన ముసుగని మాకందరకు తెలియును. నాలుగవ మిత్రుడు పాలమూరు పల్లె నుండి వచ్చినవాడు. ఆతడు భూతములను చూచి బెదరలేదు. వరుసగా తాళములు పడిన ఇండ్లను చూచి మాత్రము మాట లేక కూర్చున్నాడు. దాని కారణమును ముందు చెప్పుదుము.

ఆటగాని స్పందనను కనిపెట్టు ఆట

2001లో వచ్చిన ‘సైలెంట్ హిల్ 2’ ఈ వరుసలో మిక్కిలి గొప్పదని విమర్శకులు అనేకులు భావింతురు. చనిపోయిన భార్య నుండి ఉత్తరము వచ్చినదని జేమ్స్ సండర్లాండ్ అనువాడు ఆ పట్టణమునకు చేరును. ఈ ఆటలోని విశేషము దాని ముగింపులలో ఉన్నది. ఆటగాడు ఎట్లు ప్రవర్తించినాడో దానిని బట్టి కథ ముగింపు మారును. దెబ్బలు తగిలినప్పుడు వెంటనే మందు వాడుకొని, భార్య ఛాయాచిత్రమును, ఉత్తరమును అప్పుడప్పుడు తీసి చూచుకొన్న జేమ్స్ ఆ పట్టణమును విడిచి బయటపడును. గాయములను పట్టించుకొనక, ఒక దుఃఖితురాలు అప్పగించిన కత్తిని పదేపదే పరీక్షించిన జేమ్స్ బ్రతుకుపై ఆశ వదలుకొనును. ఇట్లు లెక్క కట్టుచున్నట్లు ఆట ఎక్కడను ప్రకటింపదు. ఆటను మనము చూచుచున్నామని తలంతుము గాని, ఆటయే మనలను చూచుచుండును. తన ప్రాణమును తాను కాపాడుకొనువానికి వెలుతురు, తన్ను తాను ఉపేక్షించుకొనువానికి చీకటి అను నీతి ఇందులో బోధ లేకుండనే బోధపడును.

ఈ ఆటలయెడ అభిమానులకు ఎంత పట్టింపు ఉన్నదో తెలుపు సంఘటనలు కొన్ని కలవు. 2012లో పాత ఆటలను క్రొత్త యంత్రములకు అనువుగా సవరించి విడుదల చేసినప్పుడు పొగమంచు సరిగా కుదరలేదు. దాచవలసిన అంచులు బయటపడినవి. చిత్రము స్పష్టమైనందుకు సంతోషింపవలసిన అభిమానులు ఆగ్రహించినారు. వారు కోరినది స్పష్టత కాదు, ఆ మరుగు. పోలండు దేశపు బ్లూబర్ టీమ్ రెండవ ఆటను తిరిగి నిర్మించుచున్నదని 2022లో తెలిసినప్పుడు సందేహించినవారు మెండు. మధ్యలో చూపిన ప్రచార చిత్రములను ఎత్తిపొడిచినారు. కాని 2024 అక్టోబరులో ఆట విడుదలైన పిమ్మట ఆ సందేహము చాలవరకు మెప్పుగా మారినది. కొద్ది దినములలోనే పది లక్షల ప్రతులు అమ్ముడైనవి. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘సైలెంట్ హిల్ ఎఫ్’ కథను 1960ల నాటి జపానులోని ఎబిసుగావోకా అను కల్పిత పట్టణమునకు మార్చినది. జపానులో నిజముగా ఉన్న కనయామా అను చిన్న ఊరు దానికి మాతృక. తన చిన్న ఊరిలోనే లోకమంతటిని భయపెట్టగల కథ ఉన్నదని ఆ దేశీయులు గుర్తించినారు.

మన తిలిస్మ్, మన భేతాళుడు

ఉర్దూ సాహిత్యము చదివిన మిత్రులకు ఈ పట్టణము చూడగానే ‘తిలిస్మ్’ జ్ఞాపకము రాక తప్పదు. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయము నుండి 1883లో ప్రచురణ ప్రారంభమైన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’లో మాయానగరములు కోకొల్లలు. తిలిస్మ్‌లో చిక్కినవానికి బలము ఒక్కటే చాలదు. దాని కట్టుబాట్లు తెలియవలెను. ‘లౌహ్’ అను ఫలకమును సంపాదించి, అందు వ్రాసినది చదివి, దాని ప్రకారము నడచిననే మాయ విచ్ఛిన్నమగును. సైలెంట్ హిల్‌లో గోడలపై వ్రాతలు, చింపిన పుటలు, పియానో మెట్లపై దాగిన చిక్కుముడులు ఆ లౌహ్‌కు తోబుట్టువులే. తెలుగు మిత్రులకు విక్రమార్కుని కథ ఉన్నది. శ్మశానములో శవమును భుజమున మోయుచున్న రాజునకు భేతాళుడు పెట్టిన పరీక్ష కత్తితో గెలుచునది కాదు, బుద్ధితో గెలుచునది. భయము నడుమ బుద్ధిని నిలుపుకొనుటయే రెండు భాషల కథలలోను వీరత్వము.

శాస్త్రజ్ఞుల మాట

డెన్మార్కులోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వినోదము కొరకు నిర్మించిన ఒక భూతగృహమునకు వచ్చిన 110 మందికి గుండె వేగమును కొలుచు సాధనములు అమర్చి పరిశీలించినారు. 2020లో వెలువడిన ఆ ఫలితము ప్రకారము భయము మరీ తక్కువైనను, మరీ ఎక్కువైనను ఆనందము తగ్గును. నడిమి పాళ్ళలోనే అది ఎక్కువ. కూరలో కారము వంటిదే ఇదియు. కరోనా కాలములో భయానక చిత్రముల అభిమానులు తక్కువ మానసిక క్షోభను తెలిపినారని మరియొక అధ్యయనము చెప్పినది. అయితే ఆ అభిరుచి వలననే నిబ్బరము వచ్చినదని దీనివలన రుజువు కాదు. నిబ్బరము గలవారే ఆ అభిరుచిని ఎన్నుకొని ఉండవచ్చును.

ఖాళీ ఊరి బాధ

పాలమూరు మిత్రుని మౌనమునకు కారణము ఇప్పుడు చెప్పవలెను. ఆతని జిల్లా కూలీలు దశాబ్దముల తరబడి ముంబయి, పూణె మొదలు దూర ప్రాంతములకు వలసపోయి ఆనకట్టలు కట్టినారు, రోడ్లు వేసినారు. వెనుక మిగిలినవి తాళము పడిన ఇండ్లు, అరుగులపై వృద్ధులు. శ్రీశైలము జలాశయము క్రింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెందిన సుమారు 100 గ్రామములు మునిగినవి. 1981లో ఎన్నో కుటుంబములు ఊళ్ళు విడిచినవి. పట్టణము ఎందుకు ఖాళీ అయినదో ఆటలో భూతముల కథ చెప్పును. మన నేలపై ఊళ్ళు ఖాళీ అగుటకు కరవు, వలస, ముంపు కారణములు. ఒకే దృశ్యము ఒకరికి వినోదముగాను, మరొకరికి గాయముగాను ఉండుట ఇందువలననే. ఆటగాని స్పందన తెరపై ఉన్నదానినే గాక, ఆతడు వెంట తెచ్చుకొన్న బ్రతుకును కూడ తెలుపును.

ఆటలోని భయము, వీధిలోని భయము

ఇక ముఖ్యవిషయము. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వీడియోలు, మాటలు వ్యాపించినవి. ఆ వదంతి నమ్మిన గుంపుల చేతులలో తెలంగాణలో అమాయకులు ప్రాణములు కోల్పోయినారు. అదే కాలమున, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఊరూర పోలీసు సిబ్బందిని పంపి, జానపద కళాకారులచేత పాటలు పాడించి, వచ్చిన వీడియోను నమ్మకముందు విచారింపుడని చెప్పించినారు. తన పరిధిలో ఆ వదంతి మూలమున ప్రాణహాని కలుగనీయలేదు. బాణామతి, చేతబడి అను అనుమానములతో మనుషులను హింసించిన చరిత్రయు మన ప్రాంతమునకు లేకపోలేదు.

ఈ రెండు భయములకు భేదము ఏమి? ఆటలో భయపడువాడు ఇది కల్పన అని ఎరుగును, కోరినప్పుడు ఆపగలడు, అన్నిటికన్న ముఖ్యముగా, పొగమంచులోనికి అడుగువేసి అచట ఏమున్నదో స్వయముగా చూడనిదే ఆట ముందుకు సాగదు. వదంతిలో భయపడువాడు కల్పనను నిజమనుకొనును, ఆపలేడు, చూడకుండనే రాయి ఎత్తును. ఒక భయము పరిశీలనను కోరును, మరియొకటి పరిశీలనను చంపును. మనము వెఱవవలసినది రెండవదానికి.

విన్నపము

ఐరోపాలో 18 ఏండ్లు, అమెరికాలో 17 ఏండ్లు నిండినవారికే ఈ ఆట తగునని వయఃపరిమితి నిర్ణయించినారు. అది ఊరక వ్రాసినది కాదు. చిన్న తమ్ముళ్ళను, చెల్లెండ్రను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వీనిని ఆడరాదు. నిద్రను, చదువును హరించునంతగా ఆడుట వినోదము కాదు, వ్యసనము. ఆప్తులను పోగొట్టుకొని దుఃఖములో ఉన్నవారు ఇటువంటి ఆటలకు దూరముగా ఉండుట మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ ఆటలను పేరు వినగానే త్రోసిపుచ్చవలదు. తిలిస్మ్‌ను, భేతాళ కథను, నాట్యశాస్త్రమును ఈ ఆట ప్రక్కన ఉంచి ఉర్దూ, తెలుగు శాఖలు కలసి ఒక చర్చాగోష్ఠి జరిపిన, విద్యార్థులు పాఠ్యగ్రంథములలోని రసచర్చను తమ అనుభవముతో సరిపోల్చుకొందురు. ఆ గోష్ఠిలోనే ఒక వదంతిని తీసికొని, అది ఎక్కడ పుట్టినది, ఎట్లు పెరిగినది అని విచారించు అభ్యాసమును కూడ జరిపింపవచ్చును. తెరపైని పొగమంచులో ధైర్యముగా నడచు విద్యార్థి, ఫోనులో వచ్చిన భయంకర వార్తను మరొకరికి పంపుటకు ముందు ఒక్క నిమిషము ఆగి విచారించిన, ఆతడు ఆడిన ఆట వృథా కాలేదని చెప్పవచ్చును.