పడవ ఇంజను ఆగితే ముందే పంపును నిందించకండి



గోదావరి లంకల్లో సేద్యం చేసే వారిలో చాలామందికి పడవే బండి. అరటి గెలలూ, కొబ్బరికాయలూ, కూరగాయలూ రేవు దాటి బజారుకు చేరేది దాని మీదనే. అటువంటి పడవ నడి ఏట్లో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయిందంటే, సరుకు మాట అటుంచి, ప్రాణాలకే ముప్పు. కొన్ని పడవ ఇంజన్లకు ఇంధనం అందించేది కరెంటు పంపు. అది మొరాయిస్తే తప్పు ఎక్కడున్నదో కనుక్కొనే పద్ధతి ఈవేళ చెప్పుకుందాము.

ఇంజను ఆగగానే మూత తీయకండి. ముందు లంగరు వేయండి. లైఫ్ జాకెట్లు అందరిచేతా తొడిగించండి. తరువాతే ఇంజను సంగతి.

మీది పెట్రోలు ఇంజను అయితే మరొక జాగ్రత్త. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువు. అది పైకి పోదు, పడవ అడుగున చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి మూత తెరచి, గాలి పంకా కనీసం 4 నిమిషాలు తిప్పి, వాసన చూడవలెను. వాసన ఉంటే స్విచ్చి ముట్టరాదు. చుట్టా, బీడీ దగ్గరకు రానీయకండి. వైరు ఊడదీసే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసివేయాలి.

ఇక పంపు సంగతి. అది పని చేయాలంటే మూడు కావాలి: వచ్చే కరెంటు, ఆ కరెంటు తిరిగి పోయే దారి అనగా ఎర్త్, లాగడానికి ఇంధనం. ఈ మూడింటిలో ఏది లోపించినా నిక్షేపంలాంటి పంపు కూడా చచ్చినట్టే కనబడుతుంది. నేనెరిగిన ఒక లంక రైతు కొత్త పంపు కొని బిగించాడు. జబ్బు పోలేదు. చివరికి చూస్తే ఫ్యూజు గూట్లో పచ్చగా చిలుము పట్టి ఉన్నది. గరుకు కాగితంతో రుద్దితే ఇంజను అందుకొన్నది. పంపు డబ్బు దండుగ!

మొదట చెవి పెట్టి వినండి. తాళం తిప్పగానే పంపు టకటకమనో, గుయ్‌మనో చప్పుడు చేస్తుంది. కొన్ని పంపులు రెండు మూడు సెకండ్లు మోగి ఊరుకుంటాయి. కొన్ని ఇంజను తిరిగితే గాని మోగవు. మీ పంపు అలవాటేమిటో బాగున్న రోజుల్లోనే గమనించి ఉంచుకోవాలి.

చప్పుడే లేకపోతే ఫ్యూజు చూడండి. అది బాగుంటే వోల్టు మీటరు తీయండి. వైరు ఊడదీసి కొలవకండి. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా అప్పుడు 12 వోల్టులు చూపి మోసం చేస్తుంది. వైరు పంపుకు తగిలించి ఉండగానే, ఒకరు తాళం తిప్పుతుండగా కొలవాలి. బ్యాటరీ దగ్గర 12, పంపు దగ్గర 10 ఉంటే, ఆ రెండు వోల్టులు దారిలో తుప్పూ, వదులు కీళ్లూ తినేస్తున్నవన్నమాట. ఎర్త్ వైరును కూడా అలాగే చూడండి. పంపు నెగెటివ్ కొసకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు అర వోల్టుకు మించి చూపితే ఎర్త్ చెడినట్టే. కరెంటు నిండుగా వచ్చి, ఎర్త్ బాగుండి, అయినా తిరగకపోతే అప్పుడే పంపును అనుమానించండి.

ఇంజను తాళం తిప్పినంతసేపూ పలికి, వదలగానే ఆగిపోతున్నదా? కొన్ని పెట్రోలు ఇంజన్లలో స్టార్టు చేసేటప్పుడు పంపుకు ఒక దారినా, తరువాత ఆయిల్ ప్రెషర్ స్విచ్చి గుండా కరెంటు వస్తుంది. ఆ స్విచ్చి చెడి ఉండవచ్చు. కాని ముందు ఇంజను ఆయిలు మట్టం చూడండి. ఆయిలే లేకపోతే స్విచ్చి తన ధర్మం తాను చేస్తున్నది. దాన్ని తప్పించి వైర్లు కలిపి పడవ నడపవద్దు. ఇంజను ఆగినా పంపు పెట్రోలు తోడుతూనే ఉంటుంది.

పంపు మోగుతున్నా ఇంజను బరువు లాగలేకపోతే కరెంటు తప్పు కాకపోవచ్చు. ఫిల్టరులో నీరో మడ్డో చూడండి. టాంకు మూత వదులు చేయండి. గాలి బుస్సున లోపలికి పోయి ఇంజను కోలుకొంటే, టాంకు గాలిరంధ్రం పూడినదని అర్థం. డీజిలు ఇంజనయితే పంపుకు ముందున్న గొట్టం కీళ్లలో గాలి పీలుస్తున్నదేమో చూడాలి. ఇంజెక్షన్ రకం పెట్రోలు ఇంజన్లలో మాత్రం గొట్టం విప్పకండి. అందులో వత్తిడి చాలా ఎక్కువ. ఆ పని మెకానిక్కుది.

పంపు మార్చక తప్పకపోతే పడవకని చేసినదే కొనండి. కారు పంపు చవక అని పెట్రోలు ఇంజనుకు బిగిస్తే నిప్పురవ్వ భయం ఉన్నది.

చివరిగా ఒక మాట. వరదలు రాకముందే, పడవ ఒడ్డున ఉన్నప్పుడే పంపు దగ్గర వోల్టులు కొలిచి, ఆ అంకె ఇంజను మూత లోపల రంగుతో వ్రాసి పెట్టుకోండి. రెండు ఫ్యూజులూ, ఒక ఫిల్టరూ, గరుకు కాగితం డబ్బాలో ఉంచండి. గెడ, తెడ్డు మాత్రం ఇంట్లో మరచిపోకండి.