మార్గళి కచేరీలు: మన పిల్లలకు తెలుగు వినిపించే చోటు

మనం ధనుర్మాసం అంటాం, ఇరుగుపొరుగు మార్గళి అంటారు. ఆంబూరు, గుడియాత్తం, వేలూరు వీధుల్లో తెల్లవారుజామున ముగ్గులు వేసే ఈ రోజుల్లోనే చెన్నైలో వందల కచేరీలు జరుగుతాయి. "ఆ సంగీతం మనకేం తెలుస్తుంది" అని మనలో చాలామందిమి అటు చూడం. కాని అక్కడ పాడే పాటల్లో పెద్ద భాగం తెలుగే.

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభతో పాటు సంగీత సభ కూడా జరిగింది. దాని నుండే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. కచేరీల్లో తెలుగు ఎంతగా నిండి ఉండేదంటే, తమిళ పాటలకు తగిన చోటు కావాలని అడుగుతూ 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఆ కోరికలో న్యాయం ఉంది. ఇప్పుడు రెండు భాషల పాటలూ వినిపిస్తున్నాయి.

తమిళ దేశంలో ఇంత తెలుగు పాట ఎలా పుట్టింది? తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగును ఆదరించారు. త్యాగరాజస్వామి (1767–1847) పుట్టింది తిరువారూరులో, బ్రతికింది తిరువయ్యారులో. చుట్టూ తమిళం, ఇంట్లో తెలుగు. అంటే మన ఇళ్ల వంటి ఇల్లే ఆయనది.

2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యింది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వారికి పుస్తకం కంటే పాట దగ్గర. వినడానికి అక్షరాలు అక్కరలేదు.

కచేరీ సాధారణంగా వర్ణంతో మొదలవుతుంది. తరువాత కృతులు, మధ్యలో ఒక పెద్ద కృతి, దాని వెంట మృదంగం తని ఆవర్తనం, చివర చిన్న పాటలు, మంగళం. రాగం పేరు తెలియకపోయినా ఫరవాలేదు, మాటలు పట్టుకుంటే చాలు. నాట్యం ఇష్టమైతే జనవరిలో సభల్లో నాట్యోత్సవాలు ఉంటాయి. భరతనాట్యంలో అభినయించే క్షేత్రయ్య పదాలూ తెలుగే.

ఖర్చుకు భయపడనక్కరలేదు. చాలా సభల్లో పగటి కచేరీలు ఉచితం. వాటిలో పాడేది ఎక్కువగా యువ కళాకారులు. సాయంత్రం పేరున్నవారి కచేరీలకే టికెట్టు. తెల్లవారుజామున ఏలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై సెంట్రల్. అక్కడ పక్కనే పార్క్ టౌన్ నుండి తిరుమయిలైకి లోకల్ రైలు. మధ్యాహ్నం కచేరీ విని, సభ క్యాంటీనులో టిఫిన్ చేసి, సాయంత్రం రైలుకు తిరిగి రావచ్చు. వేళలు మాత్రం ముందు రోజే చూసుకోండి.

వెళ్లేముందు ఒక్క కృతికి అర్థం ఇంట్లో అవ్వనో తాతనో అడిగి తెలుసుకోండి. ఆ పాట వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న తమిళ పెద్దాయన ఆ మాటకు అర్థమేమిటని అడిగితే, చెప్పేది మన పిల్లే కావాలి.