మూడు రోజుల్లో ఓరుగల్లు: ఎక్కడ ఆగాలి, ఏం చూడాలి

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనో, ఇల్లు నడుపుకుంటూనో చదువుతున్నవారు. శని, ఆదివారాలకు ఒక పండుగ సెలవు కలిసివస్తే మూడు రోజులు చేతికి వస్తాయి. కాకతీయుల గురించి పాఠంలో చదివినదాన్ని కళ్లతో సరిచూసుకోవడానికి ఆ మూడు రోజులు చాలు. హైదరాబాదు నుండి వరంగల్లు దాదాపు 145 కిలోమీటర్లు. రైలులో వచ్చేవారు కాజీపేటలో గానీ వరంగల్లులో గానీ దిగవచ్చు. కాజీపేట, హనుమకొండ, వరంగల్లు ఇప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఊళ్లు. బస హనుమకొండలో పెట్టుకుంటే అన్ని వైపులకూ తిరగడం తేలిక.

మొదటి రోజు హనుమకొండకే కేటాయించండి. కాకతీయుల రాజధాని ముందు ఇదే; ఓరుగల్లు తరువాతిది. వేయి స్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులున్న త్రికూటాలయం ఇది. స్తంభాలు లెక్కపెట్టే పని మాత్రం పెట్టుకోకండి. నా విద్యార్థులు ఏటా లెక్కపెట్టేవారు, ఏటా లెక్క మారేది. ఆ సమయం శాసనం దగ్గర గడపండి. అచింతేంద్రుడు రచించిన ఈ సంస్కృత శాసనం రుద్రదేవుడి విజయాలను వర్ణిస్తుంది. కళ్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులయ్యారని చెప్పడానికి చరిత్రకారులు చూపే ముఖ్యమైన ఆధారం ఇదే. శిథిలమైన కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీదికి వెళ్లండి. 2023 జులై వానలకు ఈ కట్టకు గండి పడింది. గొలుసుకట్టు చెరువుల పాఠం ఇక్కడ నిలబడితే వేరుగా అర్థమవుతుంది.

రెండవ రోజంతా కోటకే. గణపతిదేవుడు, ఆయన తరువాత రుద్రమదేవి దీన్ని బలపరిచారు. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ అగడ్తలు. రాతికోటకు 45 బురుజులు. ద్వారం దాటగానే దారి నేరుగా పోకుండా వంపు తిరగడం గమనించండి. దూసుకువచ్చే శత్రువు వేగాన్ని ఆ వంపే తగ్గిస్తుంది. లోపల ఊరుంది, పొలాలున్నాయి, మనుషులు బతుకుతున్నారు. వారి గుమ్మాల ముందు ఫొటోలు తీసేటప్పుడు ఒక మాట అడగండి.

కోట నడిబొడ్డున స్వయంభూ దేవాలయ ప్రాంగణం. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. మధ్యనున్న గుడి కూలిపోయి స్తంభాలు, దూలాలు నేల మీద పడి ఉన్నాయి. ఈ తోరణమే 2014లో తెలంగాణ రాజముద్రలో చేరింది. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. గుడిని కూల్చినవారు తోరణాలను ఎందుకు వదిలారు? వాటి మీద దేవతామూర్తులు లేవు, హంసలూ లతలూ తామర మొగ్గలే ఉన్నాయి, అందుకే వదిలారని గైడ్లు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే పరిశోధకుల వాదన వేరు. 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించాక దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఈ స్థలంలోనే మసీదు కట్టి, దాని ఆవరణకు హద్దులుగా తోరణాలను కావాలనే ఉంచుకున్నారని వారంటారు. అంటే కాకతీయుల ప్రతిష్ఠను కొత్త పాలకులు తుడిచివేయకుండా తమకు వాడుకున్నారన్నమాట. ఈ వాదన నాకు బలంగానే కనిపిస్తుంది. మీరు ఒప్పుకోవాలని లేదు, కానీ ఒప్పుకోకపోతే కారణం రాయండి.

అక్కడికి దగ్గరలోనే ఖుష్ మహల్ ఉంది. స్థానికులు దీన్ని 16వ శతాబ్ది తొలినాళ్ల షితాబు ఖాన్ పేరుతో చెబుతారు. బయటి గోడను కాస్త దూరం నుండి చూడండి. అడుగున మందంగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. ఢిల్లీలోని గియాసుద్దీన్ తుగ్లక్ సమాధి గోడలకూ ఇదే వాలు. దీన్ని తుగ్లక్ కాలపు దర్బారుగా గుర్తించడానికి ఈ పోలిక ఒక ఆధారం. పేరు కంటే గోడ ఎక్కువ చెబుతుందని నా అనుభవం.

మూడవ రోజు ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి, దాదాపు 70 కిలోమీటర్లు. పరీక్షల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే సరిచేసుకోండి. ఈ గుడి పేరూ రుద్రేశ్వరాలయమే, హనుమకొండ గుడి పేరూ అదే. అది కట్టించినవాడు రాజు రుద్రదేవుడు. ఇది కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. రామప్ప అన్నది శిల్పి పేరని ప్రసిద్ధి. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టారు. విమానానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడి పైబరువు తగ్గించారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ నేర్పును కూడా లెక్కలోకి తీసుకున్నారు. చూరు కింద నల్లరాతి మదనికలను చూడటానికి మెడ నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి.

తిరుగు రైలుకు సమయం మిగిలితే వరంగల్లులో కొత్తవాడకు వెళ్లండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దుర్రీలు నేసేది అక్కడే. మగ్గాలు ఎన్ని ఆడుతున్నాయో, నేసేవారి వయసెంతో, వారి పిల్లలు ఏం చేస్తున్నారో అడిగి రాసుకోండి. మీ నివేదికలో కోటకు రెండు పేజీలు పెడితే దీనికి కనీసం ఒక పేజీ ఉంచండి.